ఎర్ర రంగు పడని పంపు

మే 2003, మంగళవారం రాత్రి

నీళ్ల పరీక్షల లెక్కలో రౌండ్ ఫార్ములా పెట్టింది నేనే. చుక్క తర్వాత ఒక్క అంకె ఉంటే రిపోర్టు శుభ్రంగా కనబడుతుందనుకున్నాను. ఒక పల్లె బోరు పంపులో ఫ్లోరైడ్ లీటరుకు 1.54 మిల్లీగ్రాములు వచ్చింది. కంప్యూటర్ దాన్ని 1.5 చేసి, పక్కన ‘మంచిది’ అని వేసింది. ఒకటిన్నర దాటితేనే, తాగొద్దని పంపుకు ఎర్ర రంగు వేస్తాం.

పొద్దున ఆ తప్పు చూపిస్తే మా ఇంజనీరు విసుక్కున్నాడు. “పాయింట్ సున్నా నాలుగుకే ఏమైపోతాదప్పా? రిపోర్టు పైకి పోయినాది, వదిలెయ్.”

వదల్లేక మధ్యాహ్నం బస్సెక్కి ఆ పల్లెకే వెళ్లాను. పంపు దగ్గర మాబున్నీ అనే ఆమె బిందె నింపుకుంటోంది. నీళ్లు పరీక్ష చేసే ఆఫీసు నుంచి వచ్చానన్నాను. అవతలి వీధి పంపుకు రంగు పడ్డాక ఊరంతా దీనికే వస్తోందట.

“మీరు చూసి బాగుండాయన్నాకనే బిడ్డలకు ఈ నీళ్లు పోస్తాండాము సార్. ఎండన పడి వచ్చినారు, తాగండి” అని చెంబు చేతికివ్వబోయింది.

చెప్పడానికే అంత దూరం వెళ్లాను. రేపు నేనే ఒక రంగు డబ్బా కొనుక్కుపోతే? ఎవరు వెయ్యమన్నారంటే ఏం చెప్పాలి?

ఆమెతో మాత్రం దాహంగా లేదన్నాను. అనంతపురంలో బస్సు దిగగానే రెండు సోడాలు తాగాను.