అత్త ఉపవాసం

కారమడై
మార్గళి నెల పదో తేదీ

నా తోడబుట్టినదానిలాంటి తిలకవతి వదినకు,

ఫోన్‌లో చెబుదామంటే గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటున్నారు, అందుకే ఈ ఉత్తరం. పక్షవాతంతో మాట పడిపోయిన మీ అమ్మ, నాలుగు రోజులుగా ముద్ద నోటి దగ్గరికి తెస్తే మొహం తిప్పుకుంటున్నది. అత్తకు అక్క ముత్తమ్మాళ్ చూసి, "వైకుంఠ ఏకాదశి వస్తా ఉండాది గదా పాపా, పెరుమాళ్ళ కాడికి పోవాలని నేమం పట్టినాది. బలవంతం చేయొద్దు, తులసి తీర్థం చాలు" అన్నది. చుట్టాలు వచ్చి అత్త కాళ్లకు మొక్కి పోతున్నారు. చిన్నమనూరులో మీరు కూడా గర్వంగా చెప్పుకుంటున్నారట.

నా భయం వేరు వదినా. పోయిన ఏడాది విసుగులో ఒకసారి "నా చేతి కూడు నచ్చకుంటే పస్తుండండి" అనేశాను. అత్త అది మరచిపోలేదు. నా చేతి ముద్ద వద్దనే నోరు మూసుకుంది. ఎంత పాడు నోరు నాది. మీరొచ్చి మీ చేత్తో పెట్టండి, తింటుందేమో.

మీ యువరాణి

కారమడై
తై నెల ఇరవయ్యో తేదీ

వదినా,

ఆ ఉత్తరం మీకు చేరకముందే, మంచాన పడినవాళ్లను ఇంటికొచ్చి చూసే నర్సు జెబమలర్ వచ్చింది. ఉపవాసం సంగతి విని, సెల్‌ఫోన్ టార్చి వేసి అత్త పెదవి పక్కకు తీసింది. చచ్చుబడిన వైపు బుగ్గలో ఎప్పటివో మెతుకులు కుళ్లి ఉన్నాయి. చిగుళ్లకు చీము పట్టింది. విరిగిన పన్ను నాలుకను కోస్తున్నది. "పండ్లు తోమి ఎన్నాళ్లయిందమ్మా?" అని తమిళంలో అడిగింది. రెండు నెలలు వదినా. రోజూ ఒళ్లు తుడిచాను, తల దువ్వాను, నామం దిద్దాను. నోటి సంగతి నాకు తోచనే లేదు.

దానికి పెద్ద సామాను కూడా అక్కర్లేదట. తల కాస్త ఎత్తి పక్కకు తిప్పి, అంగట్లో ఇరవై రూపాయలకు దొరికే చిన్నపిల్లల మెత్తని బ్రష్‌తో, బియ్యపు గింజంత పేస్టుతో రెండు పూటలా తోమాలి. గోరువెచ్చని ఉప్పునీళ్లలో ముంచి పిండిన గుడ్డ వేలికి చుట్టి చిగుళ్లు, నాలుక తుడవాలి. డాక్టరు మందులూ ఇచ్చాడు. నాలుగో రోజు అత్త నోరు తెరిచింది. మజ్జిగన్నం మెత్తగా పిసికి పెడితే నా చేత్తోనే పన్నెండు ముద్దలు తిన్నది, ఇంకా కావాలని నా మణికట్టు పట్టుకుంది. కోపం కాదు వదినా, నొప్పి. కానీ అప్పటికే ఒంట్లో సత్తువ లేదు. మరునాడు తెల్లారేసరికి పోయింది.

పెద్దకర్మ నాడు మీరు "మా అమ్మ నేమంతో పోయినాది" అంటే అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను. ఆ పేరు చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు.

నిన్న మీరు ఫోన్ చేసి, మంచంలో ఉన్న మీ మామగారు రెండు రోజులుగా గంజి వద్దంటున్నారనీ, ఆయన కూడా నేమం పట్టారేమోననీ అన్నారు. ముందు టార్చి వేసి ఆయన నోరు చూడమన్నాను. ఎందుకని మూడుసార్లు అడిగారు. ఫోన్ పెట్టేశాను.

అత్త నేమం పట్టలేదు వదినా. ఆకలితో పోయింది.

మీ యువరాణి