నిదానంగా మాట్లాడవే, గిలక్కాయా!

చిరంజీవి గిలక్కాయకి,

దర్జీ మావయ్య దీవించి రాసేది. ఫోన్ చేస్తే మధ్యలోనే "సరే మావయ్యా, ఉంటా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవుగా, అందుకని రాస్తున్నాను.

నువ్వూ, నీ స్నేహితురాలు పొట్టీ కలిసి మన ఆసుపత్రి సీరియల్ మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నారని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయి కొట్లో కుట్టుకుంటూ పెట్టుకున్నాను. చిన్నప్పుడు ఆ సీరియల్ నువ్వు నా కుట్టుమిషన్ బల్ల కింద కూర్చుని చూసేదానివి. పెద్ద డాక్టరుగారి మందు సీసా ఎవరు మార్చారో తేలకుండానే సీరియల్ ఆగిపోతే, నువ్వు అన్నం మానేశావు, నేను కొట్టు మూసేశాను. ఇన్నాళ్ళకి ఆ సీసా గురించి మాట్లాడే నాథులు దొరికారు.

కానీ ఏమిటే ఆ తొందర? వెనకాల కుక్కేమైనా తరుముతోందా? ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు. పొట్టి అయితే మరీ ఘోరం, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఒకటే చిటపట. కాస్త గుక్క తిప్పుకోండే తల్లీ.

ఇట్లు,
నీ క్షేమం కోరే మేనమామ

తా.క. నీ మాటల జోరుకి నా కాలు కూడా మిషన్ మీద జోరందుకుంది. నిన్న హెడ్మాస్టరుగారి ప్యాంటుకి వెనకాల మూడు జేబులు పడ్డాయి. ఆయనింకా చూసుకోలేదు.

* * *

మావయ్యకి నమస్కారాలు.

నువ్వు వింటున్నావని తెలిసి నేను పనిచేసే కళ్ళజోళ్ళ కొట్లోనే గంతేశాను. కంటి పరీక్షకి కూర్చున్న ముసలావిడ అక్షరాలన్నీ తను సరిగ్గా చదివేసినందుకే అనుకుని మురిసిపోయింది.

మాది పెద్ద స్టూడియో ఏమీ కాదు. గొంతు గదిలో మోగకుండా బీరువా తలుపు తీసి, దుప్పట్ల మధ్య చెరో తల దూర్చి రికార్డు చేస్తాం. వారమంతా జనాల ముక్కుల మీద కళ్ళజోళ్ళు సర్దే నాకు, ఆదివారం ఆ దుప్పట్లలో పొట్టితో మందు సీసా గురించి కొట్లాడుతుంటే ప్రాణం లేచొస్తుంది మావయ్యా.

అసలు విషయం విను. కాంపౌండరు వేషం వేసినాయన వచ్చే నెల మాతో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు! సీసా ఆయన చేతిలోంచే కదా వెళ్ళింది. ఇది గనక చెడగొట్టుకుంటే పొట్టి నన్ను బతకనివ్వదు. ఈలోగా వేగం తగ్గిస్తాను.

నీ గిలక్కాయ

తా.క. మూడో జేబు ఎందుకో ఇప్పుడే ఆలోచించి పెట్టుకో.

* * *

చిరంజీవి గిలక్కాయకి,

కొత్త ఎపిసోడ్ విన్నాను. తగ్గింది, కానీ చాలదు. ఇదివరకు కుక్క తరిమింది, ఇప్పుడు దూడ తరుముతోంది. మాటకీ మాటకీ మధ్య ఒక గుక్క నీళ్ళు తాగు. పెద్ద మాటయితే రెండు గుక్కలు.

నీ మేనమామ

తా.క. హెడ్మాస్టరుగారు వచ్చారు. నేను బల్ల కింద దాక్కున్నాను. ఆయనకి ఆ జేబు కళ్ళజోడు పెట్టుకోవడానికి భలేగా ఉందట, ఇంకో ప్యాంటు కుట్టమన్నారు.

* * *

మావయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను, కొంప మునిగేలా ఉంది. వినేవాళ్ళు రాస్తున్నవి చూడు. ఒకాయన "పిల్లాణ్ణి నిద్రపుచ్చడానికి మీ పాడ్‌కాస్టే వాడుతున్నాం, ముందు మా ఆవిడే పడుకుంటోంది" అన్నాడు. ఇంకొకావిడ నేను ఏదైనా కష్టంలో ఉంటే ఇంటికి వచ్చేయమంది. పొట్టి అయితే తాడో పేడో తేల్చేసింది. కాంపౌండరుగారి ముందు కూడా ఇలాగే సాగదీస్తే తను లేచి వెళ్ళిపోతుందట.

నేను నీ మాట వినాలా, దాని మాట వినాలా? అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

గిలక్కాయ

తా.క. ఇన్ని నీళ్ళు తాగితే రికార్డింగు మధ్యలో ఎన్నిసార్లు లేవాలో నువ్వు ఆలోచించలేదు.

* * *

బంగారు తల్లికి,

ఆహా! ఇప్పుడు కుదిరిందే! ఎంత చక్కగా మాట్లాడావు! ప్రతి మాటా గుండీ కుట్టినట్టు గట్టిగా ఉంది. ఊళ్ళోవాళ్ళ మాట పట్టించుకోకు. కాంపౌండరుతో కూడా అచ్చం ఇలాగే మాట్లాడు. పెద్దాయన కదా, మర్యాదగా ఉంటుంది.

గర్వంతో,
మేనమామ

తా.క. మీ అత్తయ్య ఎందుకో ఈ మధ్య నన్ను చూసి నవ్వుకుంటోంది. ముసలితనంలో ప్రేమేమో.

* * *

మావయ్యా,

అయిపోయింది. అంతా నీ చలవే.

"సీసా... ఎవరు... మార్చారు... సార్?" అని వీడియో కాల్లో అడిగాను, మధ్యలో నీళ్ళతో సహా. ఆయన కంగారుపడిపోయి "అమ్మా, మాట పడిపోతోందా?" అని, నర్సు పని చేసే వాళ్ళమ్మాయిని పిలిచాడు. ఆవిడేమో పక్షవాతమేమోనని రెండు చేతులూ పైకెత్తమంది. ఎత్తాను. బీరువాలో దుప్పట్లన్నీ పొట్టి నెత్తిన పడ్డాయి. చివరికి ఆయన చెప్పిందేమిటంటే, "నాకే తెలిస్తే నేనే పాడ్‌కాస్ట్ పెట్టుకునేవాణ్ణమ్మా" అని.

పొట్టి రికార్డింగు తీసుకుని, "నీకూ నాకూ చెల్లు" అనేసి వెళ్ళిపోయింది. దాన్ని ఎపిసోడ్‌గా పెట్టిందని తెలిసింది. నాకు వినే ధైర్యం లేదు. ఆదివారం ఊరికే బీరువా ముందు కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

గిలక్కాయ

తా.క. ఏమీ లేదు.

* * *

గిలక్కాయకి,

చెంపలు వేసుకుంటూ మావయ్య రాసేది.

నువ్వేమో నత్తలా మాట్లాడానని రాశావు. ఎపిసోడ్ పెడితే నా చెవికి మళ్ళీ తుపానే! ఎక్కడో తేడా కొడుతోందని ఫోన్లు బాగుచేసేవాడి దగ్గరికి పరిగెత్తాను. వాడు చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. నా ఫోన్లో వేగం రెండింతలు పెట్టి ఉందట. మొదటి రోజు నుంచీ!

నువ్వు గంటసేపు ముచ్చట్లు చెబితే, నేను అరగంటలో మింగేసి, పైగా నీకు నిదానం లేదని పాఠాలు చెప్పాను. నిన్న మొదటి ఎపిసోడ్ మామూలుగా పెట్టుకున్నాను. నువ్వు బల్ల కింద కూర్చుని నాతో వాదిస్తున్నట్టే ఉంది. మిషన్ ఆపేసి చివరిదాకా విన్నాను. ఎంత బావుందే!

కాంపౌండరు ఎపిసోడ్ నువ్వు వినలేదన్నావు కదా. నీ సాగదీతంతా పొట్టి కూర్చుని కత్తిరించి, వేగం సరిచేసి పెట్టింది. చివర్లో ఒక్కతే ఏమందో నేనే రాస్తాను: "మా గిలక్కాయని తిట్టేశాను. కానీ ఒక మందు సీసా గురించి నాతో ఇన్నాళ్ళు కొట్లాడే మనిషి ఇంకెక్కడ దొరుకుతుంది? ఆదివారం వస్తాను, దుప్పట్లు సర్దిపెట్టవే." వెంటనే ఫోన్ చెయ్యి దానికి. నా ఉత్తరానికి జవాబు తర్వాత రాద్దువు గాని.

సిగ్గుతో,
మేనమామ

తా.క. గిలక్కాయా, నేను అత్తయ్యని. ఆ వేగం నొక్కింది నేనే. మీ పాడ్‌కాస్ట్ అయ్యేదాకా ఈయన భోజనానికి లేవడు, ఏం చెయ్యను? అన్నట్టు, సీసా మార్చింది పెద్ద డాక్టరుగారి దగ్గరుండే లావు నర్సు. సీరియల్ ఆగిన రోజు నుంచీ చెబుతున్నాను, ఈ ఇంట్లో ఒక్కరైనా విన్నారా? మీ బీరువాలో ఇంకో తలకి చోటుందా?