అనూష వాళ్ల నాయిన సైకిల్

నవంబర్ 1, శనివారం

వికారాబాద్ల మా సైకిల్ షాపుకు తాండూరు నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు అనూష, డిగ్రీ చదువుతుంది. రైల్ల ఒక ఫ్రేమ్ మోసుకొచ్చింది. వాళ్ల నాయిన శివశంకర్‌ది. తొంభై మూడుల కొన్నడట, పోటీలకు తొక్కేటోడట. ఈ పిల్లకు మూడేండ్లప్పుడే పోయిండట. పదహారో తారీఖు అనంతగిరి గుట్ట మీద రైడ్ ఉంది, పెయింట్ ఏసి చక్రాలు బిగించియ్యి, నాయిన సైకిల్ మీదనే గుట్ట దిగుత అన్నది.

అల్యూమినియం ఫ్రేమ్. రెండు వేళ్లతోని లేపిన. మా నాయిన యాకోబు చేతుల పట్టుకొని చూసి మస్తున్నది అన్నడు. ఆయన గట్ల అనంగ నేను ఎన్నడు ఇన్లే.

శనివారం మా పద్ధతి ఒక్కటే. సాయంత్రం ఫ్రేమ్‌ను కాస్టిక్ సోడా తొట్లె ఎయ్యాలె, ఆదివారం చర్చికి పోవాలె, సోమవారం తియ్యాలె. పాత పెయింటంత ఊడొస్తది. ఏసిన. మూత పెట్టి షటర్ గుంజిన.

నవంబర్ 3, సోమవారం, పొద్దున 9

మూత తీస్తే తొట్లె నల్ల నురగ.

10.30

కడిగిన. గరుకు గరుకు, గుంతలు గుంతలు, పైపులు రేకు లెక్క పల్చగైనయ్. ఫోన్ల చూసిన. సోడా అల్యూమినియాన్ని తింటదట. తొట్లది పాత సోడా కాబట్టి ఇంతన్న మిగిలింది. ఎనిమిదేండ్ల వయసు నుంచి గీ షాపుల స్టీలే చూసిన, ఎవర్నన్న అడగాలని తోచలే. గాడిదను.

నాయినకు చూపించిన. గుంతల మీద బొటనవేలు రాసి చూసిండు. ఆఖరికి పుట్టీ కొట్టి పెయింట్ ఎయ్యి నిరోషా, ఎవరికి తెలుస్తది అన్నడు. షాపు పేరు ఒకసారి పోతే మల్ల రాదన్నడు. నేను తలకాయ ఊపిన.

నవంబర్ 6, గురువారం

పుట్టీ కొట్టిన, రుద్దిన, పాత నీలం రంగే ఏసిన. చక్రాలు, హ్యాండిల్ అన్ని బిగించిన. నా చేతి పని ఇంత మంచిగ ఎన్నడు రాలే. అందుకే భయమైతుంది.

నవంబర్ 8, శనివారం

అనూష వచ్చి తీస్కపోయింది. సైకిల్ చూసి ఏడ్చింది. అక్కా అని నన్ను పట్టుకున్నది. నేనేమో బ్రేకులు జాగ్రత్త అని చెప్పిన. బ్రేకులట. నా నోట్లె మన్నువడ.

నవంబర్ 11

అన్నం పోతలేదు.

నవంబర్ 13, గురువారం

అనూష వాట్సాప్ల రెండు ఫోటోలు పంపింది. ఒకటి సైకిల్ మీద వాళ్ల నాయిన, ఒకటి తను. నలభై కిలోమీటర్లు తొక్కిందట, ఏం కాలేదట. సాఫు రోడ్డు మీద ఏం కాదు. గుట్ట దిగంగ మలుపుల బ్రేక్ పట్టినప్పుడు జోరంత ముందర పైపుల మీదికొస్తది. అప్పుడు విరుగుతది. ఆ పిల్ల లోయల పడ్తది.

చెప్దామని టైప్ చేసిన. కొట్టేసిన. సూపర్ అని పంపిన. సిగ్గులేనిదాన్ని.

నవంబర్ 15, శనివారం, మధ్యాహ్నం 1, రైల్ల

తాండూరు పోతున్న అని నాయినకు చెప్పిన. పోతే షాపు మెట్టు ఎక్కకన్నడు. సరే అన్న. ధారూర్ జాతర జనం, ఒంటికాలి మీద నిలవడ్డ. ఫోన్ చేస్తే మల్ల అబద్ధం చెప్తనేమో, అందుకే మనిషినే పోతున్న.

సాయంత్రం 5, తాండూరు స్టేషన్

అనూష వాళ్ల వాకిట్లనే ఉంది సైకిల్, రేపటి రైడ్ నంబర్ కట్టి. అంత చెప్పిన. అనూష నమ్మలే, నవ్వింది. ఇంత మంచిగున్న సైకిల్‌ను ఎందుకు గట్ల అంటవ్, నన్ను ఆపమని ఎవరన్న పంపిన్రా అని అడిగింది.

బ్యాగ్లకెళ్లి స్పానర్ తీసి కింది పైపు మీద కొట్టిన. గట్టిగ గూడ కాదు. పుట్టీ రాలి వేలు దూరేంత బొక్క పడ్డది.

అనూష దాంట్ల వేలు పెట్టి అట్లనే కూసుంది. నాయినదని నాకు మిగిలింది గిదొక్కటే, దాన్ని గూడ తిన్నవా అన్నది. మల్ల నా మొకం చూడలే. పొమ్మన్నది. ఆ పిల్ల ముందట ఏడిస్తే బాగుండదని గేటు దాటేదాక ఆపుకున్న.

నవంబర్ 16, ఆదివారం

చర్చికి పోలే. పొద్దుగాల గుట్ట కాడికి పోయి నిలవడ్డ. రైడ్ మొత్తం దిగింది, అనూష రాలే.

నా నంబర్ బ్లాక్ చేసింది. చేయనీ. చేసేటందుకు మనిషి బతికున్నది.