ఊదుబత్తి గుచ్చిన చోటు

శుక్రవారం, రాత్రి

సైలేజ్ బేళ్ళకు, అంటే మాగేసిన పచ్చిమేత మోపులకు, గాలి చొరకుండా చుట్టిన ప్లాస్టిక్‌కు కన్నాలు పెడుతున్నది కాకులేనని వారం రోజులుగా తిట్టుకుంటున్నాను. ఆరు బేళ్ళు, ఒక్కోదానికి ఒక్కటే కన్నం. కాకులైతే అంత లెక్కగా పొడుస్తాయా అని నాకు తట్టనే లేదు.

సాయంత్రం మొదటి బేలు విప్పితే కన్నం చుట్టూ జానెడు మేర బూజు. ఆ బూజు తింటే సూడి నిలవదని పశువుల డాక్టరు ముందే చెప్పాడు. మా ఆవు గౌరికి ఇప్పుడు ఏడో నెల. కన్నంలో చూస్తే కాలిన ఊదుబత్తి పుల్ల!

ఎవరు గుచ్చారని అత్తమ్మను అడిగాను.

"నేనేమ్మా. కొత్త మేత ఇంటికొస్తే పూజ చేయొద్దా? గౌరి సుకంగా ఈనల్లని మొక్కుకొంటి. బత్తి గుచ్చేకి అరటిపండు లేకపోయె, దాంట్లోనే గుచ్చితి."

బూజు ఆమెకు కనబడకుండా అడ్డంగా నిలబడ్డాను. తక్కిన ఐదు ఎట్లా ఉన్నాయో విప్పితేగానీ తెలియదు.

రేపు బాగేపల్లిలో కన్నాలకు అంటించే టేపు కొనాలి. అరటిపండ్లు కూడా, వచ్చే లోడుకు, బేలుకొకటి.