గుమ్మంలో నా ఫోటో

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. ఆడమనిషి ఫోటోలు తీస్తే ఎవరొస్తారని, ఏలూరులో మన స్టూడియో మూసేయమన్నారు మీ అన్నయ్యగారు. అందుకే ముందు నా ఫోటో నేనే తీసుకుని గుమ్మంలో పెట్టాలనుకున్నాను.

కుర్చీలో దిండు నిలబెట్టి, కెమెరా ఫోకస్ సరిచేశాను. దిండు తీసేసి నేను కూర్చుని, కెమెరా షట్టర్ తెరిచే గొట్టం చివరి రబ్బరు బంతిని పమిట చాటున నొక్కాను. మొదటి గాజు ప్లేటులో కళ్ళు మూశాను. రెండోది చక్కగా వచ్చింది. బొట్టులేని నుదురు దాచుకోలేదు.

ఈ ఉదయం పెదపాడు నుంచి ఒక రైతు, భార్యతో వచ్చి, గుమ్మంలో పెట్టిన నా ఫోటో చూసి, "ఇది తీసిందెవరండీ?" అన్నారు.

"నేనేనండీ."

ఆవిడ ముఖం విప్పారింది. "మగవారి ఎదుట కూర్చోలేక, ఇదివరకు ఈ గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయానండీ. మీరైతే తీయండి."

మీరు తీయలేకపోయిన ఫోటో ఇవాళ నేను తీశానండీ.

మీ
సీత