కాకికొండ మీద ఎర్రగీత

జాలెసీ,
సెప్టెంబరు, ఆదివారం

ప్రియమైన తమ్ముడు వెండెలిన్‌కి,

‘ప్రియమైన’ అని అలవాటు కొద్దీ రాసేశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ మంచి కాగితం పాడవుతుందని ఊరుకున్నాను.

నిన్న మీ నడక సంఘం కరపత్రం వచ్చింది. అక్టోబరు రెండో శనివారం, యాభై కిలోమీటర్ల నడక, ఎప్పటిలాగే. ఎప్పటిలా లేనిది ఒక్కటే, దారి. ఈసారి అది కాకికొండ ఎక్కదట, జాలెసీ రాదట, నా గుమ్మం తొక్కదట. కొండ చుట్టూ తారురోడ్డు మీద పోతుందట. మరి నడిచేవాళ్ళ కార్డుల మీద మూడో ముద్ర ఎక్కడ వేస్తారయ్యా అంటే, పెట్రోలు బంకు దగ్గర!

నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న కాలం నుంచి ఆ నడక మన పెరట్లోంచే పోతోంది. నాన్న చెక్కిన కాకిబొమ్మ ముద్ర ఇప్పటికీ నా వంటింటి అలమరలో ఉంది. ఆ శనివారం జనం బురద బూట్లతో “ఆహోయ్!” అని కేకేస్తూ పెరట్లోకి వస్తారు. ముద్ర వేయించుకుని, ఒక చేత్తో గసగసాల కొలాచ్ రొట్టె, ఇంకో చేత్తో రమ్ము కలిపిన టీ పట్టుకుని నా మెట్ల మీద కూలబడతారు. ఏడాదిలో ఆ ఒక్క రోజే ఈ ఇంట్లో మనుషుల గొంతులు వినిపిస్తాయి. మిగతా రోజులు మేకతో మాట్లాడుకుంటాను. ఆ రోజు కూడా లేకుండా చేస్తే ఇక నాకేం మిగిలింది చెప్పు.

సంఘం తీర్మానించింది అనకు. ఈ కొండ దారికి గుర్తులు వేసేది నువ్వు. మన జనం చేతిలో మ్యాపున్నా దాన్ని నమ్మరు, చెట్టు మీద తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలనే నమ్ముతారు. నువ్వు గీత ఎటు వేస్తే జనం అటు పోతారు. కాబట్టి ఇది నీ నిర్వాకమే.

ఫోను చెయ్యను. లైను బాగాలేదని పెట్టేస్తావు. ఉత్తరం రాయి.

ఇప్పటికింకా నీ అక్కే అయిన
లిబూషె

*

పట్నం,
సెప్టెంబరు

ప్రియమైన లిబూషె అక్కకి,

అంత కోపం మంచిది కాదు. వాగు మీది చెక్క వంతెన పుచ్చిపోయింది. ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే అది సంఘం మెడకి చుట్టుకుంటుంది. పైగా అన్నేసి కొలాచ్‌లు చేసి నువ్వు నడుం పట్టేసిందని మూలుగుతావు కదా. ఈ ఏడాది హాయిగా కూర్చో. కాకి ముద్ర పోస్టులో పంపించు, బంకులో అమ్మాయి వేస్తానంది.

ఇక్కడ అంతా కులాసా. అడవిలో పుట్టగొడుగులు విరగకాశాయట. నేను వెళ్ళలేదు.

నీ మంచి కోరే తమ్ముడు
వెండెలిన్

*

జాలెసీ,
సెప్టెంబరు చివర

ఒరేయ్ వెండెలిన్,

‘ప్రియమైన’ ఈసారి నువ్వే ఊహించుకో.

నాకు చెవిలో పువ్వు పెట్టాలని చూడకు. నీ ఉత్తరం అందగానే పక్కింటి హొలుబ్‌ని వంతెన దగ్గరికి లాక్కెళ్ళాను. ఆ మనిషి ఎంత లావో నీకు తెలుసు. “నడిమధ్యన నిలబడి గెంతవయ్యా” అన్నాను. “నేను చస్తేనో?” అన్నాడు. “చస్తే మా తమ్ముడిది నిజమని తేలుతుంది, గెంతు” అన్నాను. గెంతాడు. వంతెన చెక్కుచెదరలేదు. అతగాడి ప్యాంటు మాత్రం చిరిగింది, నేనే కుట్టిచ్చాను.

నా నడుం గురించి నీకెందుకు? ఏడాదికోసారి నొప్పి పుట్టనీ, దానికీ ఒక పని ఉండాలి. కాకి ముద్ర ససేమిరా పంపను. నాన్న చేసిన కాకి పెట్రోలు కంపులో ఉండదు.

ఇంకో సంగతి. పుట్టగొడుగులకి వెళ్ళలేదా? జ్వరంతో కాగిపోతూ కూడా బుట్ట పట్టుకుని అడవికి పరిగెత్తిన మనిషివి! జూన్‌లో గడ్డి కోతకి రమ్మంటే చేపలకి వెళ్తున్నానన్నావు. చేపలంటేనే పడని నీకు గాలం ఎక్కడిది? నువ్వేదో దాస్తున్నావు.

జవాబు కోసం కాచుక్కూచున్న
లిబూషె

*

పట్నం,
సెప్టెంబరు ఆఖరు

అక్కా,

సరే, వంతెన బాగానే ఉంది. కానీ కొండ మీద స్ప్రూస్ చెట్లన్నీ పురుగు తినేసిందని కొట్టేశారు. గుర్తు వెయ్యడానికి చెట్టేది? గాల్లో వెయ్యమంటావా? కరపత్రాలు పంచేశాం, అయిపోయింది. ఇక దీని గురించి రాయకు. కాళ్ళు నావి, కుంచె నాది, దారి నా ఇష్టం.

వెండెలిన్

*

జాలెసీ,
అక్టోబరు మొదట్లో

ప్రియమైన మూర్ఖుడా,

ఈసారి ‘ప్రియమైన’ మనసారా రాశాను. రెండో మాట కూడా అంతే.

గుర్తు వెయ్యడానికి చెట్టే లేదన్నావు కదా, చూద్దామని రబ్బరు బూట్లు తొడుక్కుని మన పెరటి గేటు నుంచి కిందికి దిగాను. పై సగంలో నువ్వన్నట్టు మొద్దులే ఉన్నాయి, కానీ గీతలు వెయ్యడానికి కంచె గుంజలకేం తక్కువ? వాటి మీద నీ పాత గీతలు వెలిసిపోయి ఉన్నాయి. సగం దూరంలో పురుగు అంటని పెద్ద చెట్టొకటి వచ్చింది, బీచ్ జాతిది. దాని కింద నుంచి వాగు దాకా ప్రతి గుర్తూ కొత్తదే, రంగు నిగనిగలాడుతోంది. అంటే దారి మార్చాలని నీకు మొదట్లో లేదు. వసంతంలో ఎప్పటిలాగే గీతలు వేసుకుంటూ పైకి వచ్చావు.

బీచ్ చెట్టు మీద రెండు తెల్లపట్టీలు వేశావు. మధ్యలో ఎరుపు లేదు. చెట్టు మొదట్లో ఆకుల కింద నీ కుంచె దొరికింది, రంగు గట్టిపడి కర్రలా ఉంది. కుంచె కడగలేదని చిన్నప్పుడు నా జడ పట్టుకు గుంజినవాడివి, నీ కుంచెని అలా పారేసి పోయావంటే నువ్వు నీ కాళ్ళ మీద నడిచి పోలేదు. నేను ఆ చెట్టు కిందే కూర్చుని ఏడ్చాను.

తిన్నగా హొలుబ్ ఇంటికి వెళ్ళాను. నోరు విప్పించడానికి ఒక పళ్ళెం కొలాచ్‌లు పట్టాయి. “మే నెలలో గుండె పట్టుకుని పడి ఉన్నాడమ్మా. ట్రాక్టరు మీద ఆసుపత్రికి తీసుకుపోయా. అక్కకి చెబితే నా కొట్టం తగలబెడతానని బెదిరించి ఒట్టేయించుకున్నాడు” అన్నాడు. అంత లావు మనిషి, వంతెన మీద గెంతాడు గానీ నిజం మాత్రం చెప్పలేదు! అతన్ని కూడా బాగా కడిగేశాను.

ఒరేయ్, ఎంత పొగరు నీకు! గుర్తులు వేసేవాడు తన దారి తానే నడవాలి, నడవలేకపోతే కుంచె ఇంకొకరికి ఇవ్వాలి, ఇది మీ సంఘం మాట. కుంచె వదులుకోలేక కొండనే వదిలేశావు. నీ కాళ్ళు ఎక్కలేని చోటికి ఎవ్వరూ ఎక్కకూడదన్నమాట! దానికి నా వాకిలి ఖాళీ చేశావు. ఆసుపత్రిలో పడుకుని కూడా నాకు కబురు చెయ్యలేదు. దారి సంగతి క్షమిస్తానేమో గానీ ఇది మాత్రం క్షమించను.

ఇప్పుడు నేను చెప్పేది విను. కుంచె నాకిచ్చెయ్. నా కాళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి. బీచ్ చెట్టు నుంచి నా గేటు దాకా గుర్తులన్నీ నేనే వేసేశాను. బీచ్ చెట్టు మీద నీ తెల్లపట్టీల మధ్య ఖాళీ మాత్రం ముట్టుకోలేదు. శనివారం పొద్దున్నే హొలుబ్ నిన్ను ట్రాక్టరు మీద తీసుకొస్తాడు. నా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని కాకి ముద్ర వెయ్యి. ఆ పనికి కాళ్ళక్కర్లేదు.

నీ మీద కోపం ఇప్పట్లో తగ్గని
అక్క

*

పట్నం,
నడకకి ముందు బుధవారం

ప్రియమైన అక్కా,

నువ్వు సంతకి వెళ్ళే రోజు చూసుకుని నిన్న హొలుబ్ ట్రాక్టరు మీద వచ్చి నీ గీతలు చూశాను. సిగ్గుచేటు! ఒక్కటంటే ఒక్కటి తిన్నగా లేదు. గేటు మీద రంగు కారి చారలు కట్టింది. నీ మేక వీపు మీద కూడా తెలుపు, ఎరుపు, తెలుపు అంటించావు. మన జనం సంగతి నువ్వే రాశావు కదా, అందరూ దాని వెనకాల పోతే నేను ఎవరికి జవాబు చెప్పాలి? దాన్ని కట్టెయ్.

దిగేటప్పుడు బీచ్ చెట్టు దగ్గర ట్రాక్టరు ఆపమన్నాను. బండి మీద కూర్చునే ఆ ఎరుపు వేశాను. తర్వాత కుంచె శుభ్రంగా కడిగి నీ గేటుకి తగిలించమని హొలుబ్‌కిచ్చాను. మళ్ళీ అడగను.

కరపత్రాలు కొత్తవి అచ్చేయించాను. నా కుర్చీ కిటికీ పక్కన వెయ్యి, వాళ్ళు కొండెక్కి రావడం కనపడాలి. గసగసాలు దండిగా వెయ్యి.

శనివారం పొద్దున్నే వచ్చే
వెండెలిన్