నేను సంతకం పెట్టిన కాగితం

చెల్లీ,

అక్క దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం ఒంటికి బాగానే ఉన్నాం. నువ్వూ వేళకింత తింటున్నావనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు. నీ పాపకు ముందుపళ్లు రెండూ ఊడాయి. మాట్లాడితే గాలి పోతోంది, దానికదే పడీపడీ నవ్వుతోంది. మరిది మళ్లీ ఆపరేషన్ థియేటర్‌ నర్సు డ్యూటీలో చేరాడు. నీ దగ్గరికని పాపను తీసుకుని బయల్దేరితే విమానాశ్రయంలో వెనక్కి పంపారు కదా, ఆనాటి నుంచి పెట్టెలు విప్పలేదు. రోజూ వాటిలోంచే చొక్కా తీసి వేసుకుంటాడు.

ఏడేళ్ల సర్వీసు నిండని నర్సులు దేశం దాటకూడదనే ఈ ఉత్తర్వు ఎవరు తెమ్మన్నారని అడిగావు. నా ఉత్తరాలు రెండు ముక్కలతో ముగుస్తున్నాయనీ అలిగావు. రెండింటికీ జవాబు ఒకటే.

మా పిల్లల వార్డులో ముప్పైఆరు మంచాలు. తొమ్మిదిమంది నర్సుల్లో ఏడుగురు ఏడాదిలో విదేశాలకు వెళ్లిపోయారు. ఒక మధ్యాహ్నం ఒక బిడ్డకు ఫిట్స్ వస్తే పట్టుకుని కూర్చున్నాను. రెండో నర్సు రక్తం తేవడానికి కిందికి వెళ్లింది. ఆ పది నిమిషాల్లో చివరి మంచంమీది పసిదానికి ఊపిరి ఆగిపోయింది. తల్లి నన్ను తిట్టలేదు. "మూడుసార్లు పిలిచాను సిస్టర్, మీకు వినపడలేదు" అంది. వినపడింది చెల్లీ. లేవలేకపోయాను.

ఆ వారమే ఆరోగ్య శాఖ అధికారి వచ్చి హెడ్‌నర్సుల అభిప్రాయం అడిగాడు. కొన్నాళ్లయినా నర్సుల్ని వెళ్లనివ్వకండని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. మరిది గుర్తొచ్చాడు. అప్పటికే వీసా వచ్చినవాళ్ల జోలికి రారులే అనుకున్నాను.

మొన్న అన్నం తింటూ మరిదే అన్నాడు. "ఎవరో పెద్ద నర్సులే రాసిచ్చారట వదినా. వాళ్లకు పిల్లలు లేరేమో." నాకు లేరు కదా. ఇంకాస్త వడ్డించాను.

పోనీ, వార్డయినా బాగుపడిందా అంటే అదీ లేదు. ఆగిపోయినవాళ్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరారు. నా దగ్గర ఇప్పటికీ ఇద్దరమే. సంతకం వెనక్కి ఇవ్వమని ఆ అధికారి దగ్గరికి వెళ్లాను. ఆయన మర్యాదగానే కుర్చీ చూపించి, "అది ఇప్పుడు మీ కాగితం కాదు సిస్టర్, ప్రభుత్వానిది" అన్నాడు.

ఇంకొకటి ఉంది. వచ్చే ఒకటో తేదీ నుంచి విదేశాల నుంచి సెలవుమీద ఇంటికొచ్చిన నీలాంటి నర్సుల్ని కూడా అయిదేళ్లపాటు తిరిగి వెళ్లనివ్వరట. ఈ కబురు ఇంకా పేపర్లకు ఎక్కలేదు. హెడ్‌నర్సులకు సర్క్యులర్ వచ్చి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ నీకు రాయకుండా ఊరుకున్నాను. టికెట్ ఎలాగూ కొన్నావు, తెలియక నువ్వు సెలవుకు వచ్చేస్తావు, పాపకు తల్లి దొరుకుతుంది, మరిది పెట్టెలు విప్పుకుంటాడు, నా వార్డుకు మూడో నర్సు దొరుకుతుంది అని లెక్క వేసుకున్నాను. డ్యూటీ చార్టులో నీ పేరు రాసి కూడా చూసుకున్నాను.

ఇవాళ పొద్దున్న దాన్ని చించేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పాప ఒళ్లో కూర్చుని అమ్మకేం రాస్తున్నావని అడుగుతోంది. కాగితంమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ముందు టికెట్ రద్దు చేసుకో. నన్నేమనాలో ఆ తర్వాత ఆలోచించు.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని
అక్క